బ్రిడీ సంచిలో రెండు నైటీలు

ఎన్నో ఏళ్లుగా నేనొక సంచి మోస్తున్నాను. అందులో ఉన్నవి రెండు నైటీలే. అయినా దాన్ని ఎత్తాలంటే డబ్లిన్ రేవులో ఓడల మీదికి పెట్టెలెత్తే క్రేను కావాలి. అది కూడా ఎత్తే ముందు ఒకసారి మూలుగుతుంది.

ఇవాళ దాన్ని మీ ముందు దించుతున్నాను. క్షమించమని అడగను. ముందే చెబుతున్నాను, కన్నీళ్లు కూడా పెట్టను. మొహం చిట్లించుకుంటారా, చిట్లించుకోండి. నా మాట పూర్తయ్యేదాకా లేవకుండా ఉంటే చాలు.

మాది కడియం. పూలమొక్కల నర్సరీలకు పెట్టింది పేరైన ఊరు. డబ్లిన్ శివారు స్వోర్డ్స్‌లో ఇల్లు కొనుక్కున్న మొదటి వారంలోనే పక్కింటి మొరీన్‌కు ఈ సంగతి గోడ మీదుగా చెప్పేశాను. చెప్పానా? ఊదరగొట్టాను. మా ఊళ్లో పిల్లలు నడక కన్నా ముందు అంట్లు కట్టడం నేర్చుకుంటారన్నాను. గాలివాటం చూసి ఏ తోటలో ఏ రంగు గులాబీ విచ్చిందో చెప్పగలమన్నాను. మా నాన్నది సిమెంటు కొట్టు అని మాత్రం చెప్పలేదు. నా బాల్యమంతా బస్తాల మధ్య తుమ్ముతూ గడిచిందనీ, అప్పటిదాకా నేను స్వహస్తాలతో పెంచిన ఏకైక ప్రాణి కొత్తిమీర అనీ, అదీ ఎండిపోయిందనీ కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? ఆవిడ అడగలేదుగా.

మొరీన్ తోట ముందుగదికి ఎదురుగా మంచం దుప్పటంత ఉంటుంది. అందులో ఒక జిల్లా జనాభా. హాలీహాక్‌లు, ఫాక్స్‌గ్లోవ్‌లు, లావెండర్, పాకే గులాబీలు, వాటి సందుల్లో ఆవిడకే పేర్లు గుర్తులేని మరో వంద. ఒక మొక్క తుమ్మితే పక్క మొక్క చిరాకుపడేంత ఒత్తుగా ఉంటాయి. జూన్‌లో ఆ దారిన పోయే బస్సు కూడా కొంచెం నెమ్మదిస్తుందని నా నమ్మకం.

ఆ గుంపుకంతటికీ మహారాణి గేటు పక్కనుండే పియొనీ. తామరంత పువ్వు, గాఢమైన ఎరుపు, వాసన గులాబీది. మొరీన్ పెళ్లినాడు వాళ్లమ్మ పుట్టింటి పెరట్లోంచి తవ్వి ఇచ్చిన మొక్క అది. మొరీన్ చెల్లెలు బ్రిడీ పడమటి తీరాన ఉంటుంది. ఆవిడకూ ఆ మొక్క మీదే ప్రాణం. ఒక్క దుంప విడదీసి ఇమ్మని ఏటా అడిగేది. కదిలిస్తే అలుగుతుంది, ఏళ్లతరబడి పూయదు అని ఏటా మొరీన్ ఇచ్చేది కాదు. అలా అక్కాచెల్లెళ్లు ఏడాదికోసారి పోట్లాడుకుని, టీ తాగి, ముద్దులు పెట్టుకుని విడిపోయేవాళ్లు.

ఒక ఫిబ్రవరిలో మొరీన్ తుంటి ఆపరేషన్‌కని ఆసుపత్రికి వెళ్లింది. వెళుతూ ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టింది.

“పిట్టలకు గింజలు వెయ్యి. తోట మీద ఓ కన్నెయ్యి. దేన్నీ ముట్టుకోనక్కర్లేదు. నీకు నేను చెప్పేదేముందిలే, మొక్కల ఊరివాడివి.”

“మీరు నిశ్చింతగా వెళ్లి రండి, మొరీన్ ఆంటీ,” అన్నాను. పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు. ఆంటీ అంటే ఆవిడ నవ్వేది.

మరి దేన్నీ ముట్టుకోనక్కర్లేదన్నాక ఎందుకు ముట్టుకున్నాను?

ఉగాది వస్తోంది. మా ఆవిడ ఇల్లు దులపడం మొదలెట్టింది. మా ఇంట్లో ఉగాది దులుపుడంటే ఇంచుమించు యుద్ధ సన్నాహం. సోఫాలు నిలబడతాయి, కర్టెన్లు స్నానాలు చేస్తాయి, మొగుడు అడ్డంగా కనిపిస్తాడు. “ఏవండీ, ఆ ఉన్నదేదో బయటెక్కడన్నా ఉండండి,” అని నన్ను తరిమేసింది. బయటికొచ్చి చూస్తే గోడ అవతల మొరీన్ తోట. నల్లబడ్డ కాడలు, గోధుమరంగు పుల్లలు, కుళ్లిన ఆకులు. పాపం, ఇంటి మనిషి ఆసుపత్రిలో ఉంటే తోట చచ్చిపోయిందే అనుకున్నాను. మా కడియంలో ఏడాది పొడుగునా అన్నీ పచ్చగా ఉంటాయి. ఆకు లేదంటే ఆ మొక్క పోయిందనే లెక్క. ఇక్కడి మొక్కలు చలికాలమంతా నేల కింద ముసుగుతన్ని పడుకుంటాయనీ, మార్చి చివర్లో లేచి ఒళ్లు విరుచుకుంటాయనీ నాకెవరు చెప్పారు? చెప్పమని నేనెవర్ని అడిగాను? అడిగితే కడియం పరువేం గాను?

కాబట్టి పండక్కి పక్కింటి వాకిలి కూడా శుభ్రం చేశాను. పుణ్యకార్యమనుకునే చేశాను. ఈ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

చాలావాటికి పైన కాడలు కోసి ఊరుకున్నాను, బతికిపోయాయి. గేటు పక్కన మాత్రం పైన ఏమీ లేదు. ఒక ముతక మోడు, దాని కింద గరుకు దుంపలు. కుళ్లిందని తేల్చేశాను. అది అంత సులభంగా రాలేదు. యాభై ఏళ్ల వేళ్లు కదా. ఐర్లండ్ సగం దానికి వేలాడుతున్నట్టుంది. పార విరిగేంత పనైంది. చివరికి అది ఊడొచ్చినప్పుడు నేను వెల్లకిలా పడి, పడ్డచోటే విజయోత్సవం చేసుకున్నాను. ఆకులూ అలములూ వేసే బ్రౌన్ బిన్‌లో పడేసి, ఖాళీ అయిన చోట ఊరి నుంచి తెచ్చుకున్న బంతి గింజలు చల్లాను. ఆ చలికి బంతి మొలుస్తుందా? కడియంవాణ్ణి, నాకు తెలియదు.

మా ఆవిడ బిన్ మూత ఎత్తి చూసింది.

“ఆ దుంపలేంటండీ? పులుసు పెట్టమంటారా?”

“చచ్చిన మొక్కే, పారేశాను.”

పొద్దున్నే చెత్తబండి వచ్చి పట్టుకుపోయింది.

ఆ మధ్యాహ్నమే బ్రిడీ వచ్చింది. అక్కకు నైటీలు కావాలట. అంత దూరం నుంచి వానలో కారు నడుపుకుంటూ వచ్చింది. నేనే తలుపు తీశాను. రెండు నైటీలు తీసుకుని, తన వెంట తెచ్చుకున్న పెద్ద సంచిలో వేసుకుంది. ఆ సంచి ఈ చేత్తోనే కారు దాకా మోశాను. గాలి తప్ప దానికి బరువేమీ లేదు. తోట వైపు చూడనైనా చూడకుండా, గొడుగు కింద తల దాచుకుని వెళ్లిపోయింది.

ఏప్రిల్లో మొరీన్ కర్రల సాయంతో ఇంటికొచ్చింది. కోటైనా విప్పకుండా నేరుగా గేటు పక్కకే వెళ్లింది. ఆ రోజుల్లో పియొనీ మొలకలు ఎర్రటి వేళ్లలాగా నేలలోంచి పొడుచుకొస్తాయట. ఆవిడ వంగలేకపోతూనే వంగి వెతుకుతోంది. అప్పుడు తెలిసింది నేను ఏం తవ్వానో.

“బ్రిడీ వచ్చినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావా?” అంది.

“ఉన్నాను.”

“దాని చేతిలో ఏమన్నా ఉందా?”

“సంచి ఉంది.”

“పెద్దదా?”

“పెద్దదే.”

“రెండు నైటీలకు పెద్ద సంచా!”

ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఇంట్లోకి నడిపించాను.

చూశారా? ఒక్క అబద్ధం ఆడలేదు. ఏ కోర్టుకైనా లాగండి. గార్డులనైనా పిలవండి, ఇక్కడ పోలీసుల్ని అలాగే అంటారు. నా ప్రతి మాటా నిజమే. నిజాల్ని వరసగా పేర్చి ఒక మనిషిని దొంగను చేయొచ్చని ఆ పూట కనిపెట్టాను. ఆ ఆవిష్కరణకు ఏ బహుమతీ రాలేదు.

మొరీన్ ఫోన్ చేసింది. ముట్టుకోలేదంది బ్రిడీ. పక్కింటాయన్ని అడుగు అని కూడా అందట. “ఆయన్నా? మొక్కల్లో పుట్టిపెరిగిన మనిషినా?” అని మొరీన్ ఫోన్ పెట్టేసింది. అంతే. ఆ తర్వాత ఆ ఇంటికి బ్రిడీ రాలేదు.

అప్పుడే చెప్పొచ్చుగా అంటారు. చెప్పొచ్చు. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపటికి గడ్డం మొలిచి నెరిసింది. ఈలోగా చేసిందానికి సరిపడా చాకిరీ చేద్దామనుకుని, ఏటా ఫిబ్రవరిలో మోకాళ్ల మీద ఆ తోటంతా పాకాను. ఏ కాడ ఎక్కడ కొయ్యాలో, ఏ మొలకకు నత్తలు మరుగుతాయో నేర్చుకున్నాను. నిజంగానే మొక్కలు తెలిసినవాణ్ణయ్యాను. ఇది శిక్షే కదా, అనుభవించేశాను కదా అని నాకు నేనే తీర్పు రాసుకున్నాను.

శిక్షా, నా తలకాయా! హాయిగా ఉండేది. అదీ అసలు సంగతి. మొరీన్ ఆంటీ వీధిలో కనిపించినవాళ్లందరితో చెప్పేది, తోబుట్టువు దోచుకుపోయింది, పరాయివాడు కాపాడుతున్నాడని. నేను తల వంచుకుని వినయంగా నిలబడేవాణ్ణి. ప్రతి క్రిస్మస్‌కు మమ్మల్ని భోజనానికి పిలిచేది. కిటికీ పక్క కుర్చీలో నన్ను కూర్చోబెట్టేది. అది బ్రిడీ కుర్చీ. మొక్క తవ్వడం పొరపాటు, ఒప్పుకుంటాను. ఆ కుర్చీలో కూర్చుని, ఇంకో రెండు బంగాళాదుంపలు వెయ్యండి ఆంటీ అనడం పొరపాటు కాదు.

మరి ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని ఇప్పుడెందుకు కక్కాను?

ఈ ఫిబ్రవరిలో మొరీన్ వాకిట్లో కుర్చీ వేయించుకుని, కాళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. నేను హాలీహాక్‌ల దగ్గర పాకుతున్నాను. బ్రిడీ ఇల్లు అమ్మేసి వృద్ధాశ్రమంలో చేరబోతోందని ఎవరో చెప్పారట.

“మరి ఆ పియొనీ సంగతేంటో,” అంది మొరీన్. “అక్కడ పెరడుండదు. ఇల్లు కొన్నవాళ్లు దాన్ని చూసుకుంటారో లేదో.”

నా చేతిలో కత్తెర ఆగింది.

“దొంగదైతే అయింది గానీ, బ్రిడీ చెయ్యి మంచిది. నాకన్నా బాగా పూయించి ఉంటుంది. అమ్మ చూస్తే సంతోషించేది,” అంది. అని కళ్లు మూసుకుని ఎండ కాచుకుంది.

నాకప్పటిదాకా తట్టలేదు. నా నిజాల మూటలో ఆ మొక్క ఇన్నాళ్లూ బతికే ఉంది. పడమటి తీరాన, బ్రిడీ పెరట్లో, ఏటా జూన్‌లో ఎర్రగా పూస్తోంది. మొరీన్ దాన్ని మనసులోనే చూసుకుంటోంది. నోరు విప్పితే ఆ మొక్కను రెండోసారి తవ్వినవాణ్ణవుతాను. విప్పకపోతే చెల్లెలు దొంగగానే వృద్ధాశ్రమానికి పోతుంది. మొక్కా? మనిషా? ఇంత సులభమైన ప్రశ్నకు నాలాంటి మేధావికి అన్నేళ్లు ఎలా పట్టాయి?

“బ్రిడీ తీసుకెళ్లలేదు, ఆంటీ. నేనే తవ్వాను. చచ్చిపోయిందనుకుని బ్రౌన్ బిన్‌లో వేశాను. బ్రిడీ సంచిలో ఉన్నవి నైటీలే. ఆ సంచి మోసింది నేనే, నాకు తెలుసు.”

ఆవిడ కళ్లు తెరిచింది. నా వైపు కాక గేటు వైపు చూసింది. ఇక్కడివాళ్లు దేనికైనా గ్రాండ్, అంటే ఫరవాలేదు, అంటారు. కాలు విరిగినా గ్రాండే. అంటుందేమోనని ఎదురుచూశాను, సిగ్గులేకుండా. అనలేదు.

“తాళంచెవి ఆ కిటికీ మీద పెట్టి వెళ్లు,” అంది.

పెట్టాను. హాలీహాక్‌లు సగం అలాగే ఉన్నాయి, ముగించనా అని అడగబోయి మానేశాను. ఇంటికొస్తే మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. నా మొహం చూసి అంతా గ్రహించింది.

“చెప్పేశారా?”

“చెప్పేశాను.”

“ఇప్పటికైనా. రండి, అన్నం చల్లారిపోతోంది.”

తిన్నాను. బాగా తిన్నాను. ఇది కూడా ఒప్పుకుంటున్నాను.

ఆ తర్వాత మొరీన్ నాతో మాట్లాడలేదు. తోట పనికి ఎవరినో పిలిపించుకుంది. వాడు గులాబీలు తప్పుగా కత్తిరిస్తున్నాడు, మేడ మీది కిటికీలోంచి చూస్తూ పళ్లు నూరుకుంటున్నాను. నిన్న మధ్యాహ్నం ఒక కారు ఆగింది. అందులోంచి కర్ర పట్టుకుని ఒక ముసలావిడ దిగింది, చేతిలో అదే పెద్ద సంచి. మొరీన్ గేటు దాకా వచ్చింది. ముద్దులూ లేవు, ఏడుపులూ లేవు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఆ ఖాళీ చోటు వైపు చాలాసేపు చూశారు. మొరీన్ ఏదో చెప్పింది. చెబుతూ మా కిటికీ వైపు వేలు చూపించింది.

బ్రిడీ తలెత్తింది.

కర్టెన్ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. వెయ్యలేదు. చూడనీ. తవ్వింది నేనే.