వరండాలో ఆల్జీబ్రా

మా ఆల్జీబ్రా మాస్టారు పోయారు. ఆదివారం పొద్దున్న నేను సొరకాయ తరుగుతుండగా, ఫరంపేట నుంచి ఆయన అద్దెకుండే ఇంటావిడ ఫోన్ చేసింది. "పాలు పెట్టి పిలిచానమ్మా. లేవలేదు," అంది. అర్థమయ్యీ కాక, మళ్ళీ ఒకసారి పిలవండి అన్నాను. డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడనీ, నిద్రలోనే పోయి ఉంటారన్నాడనీ మెల్లగా చెప్పింది. ఎవరికి కబురు చెయ్యాలో తెలియక ఆయన ఫోన్ తీసి చూస్తే అన్నిటికంటే పైన నా పేరే ఉందట. "దాని కింద అన్నీ గ్యాసోళ్ళూ కరెంటోళ్ళూనమ్మా," అంది.

మీలో చాలామందికి ఆయన తెలిసి ఉండరు. యానాంలో ఆయన ఉన్నది కొన్నేళ్ళే. సొంతూరు రామచంద్రపురం దగ్గర ఒక పల్లె. ఎక్కడో కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక ఆ ఊళ్ళో ఉండబుద్ధి కాక ఇటు వచ్చేశారు. పిల్లల్లేరు. ఇంటర్‌లో లెక్కలు చదవకుండా డిగ్రీలో చేరినవాళ్ళకి మొదటి నుంచీ ఆల్జీబ్రా చెప్పడానికి మా కాలేజీవాళ్ళు ఆయన్ని టెంపరరీగా తీసుకున్నారు. పిల్లలంతా 'సార్' అనేవారు. నేను మాత్రం మా మెట్టకూరు వాళ్ళ అలవాటుకొద్దీ 'మాస్టారూ' అనేదాన్ని. రెంటికీ ఒకేలా పలికేవారు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నా భర్త చేపల బోటు మీద సముద్రానికి వెళ్ళి తిరిగి రాలేదు. పెళ్ళినాటికి నా చదువు ఇంటర్ ఆర్ట్స్‌తో ఆగింది. ఆయన పోయాక మెట్టకూరులో మా అన్నయ్య ఇంటికి వచ్చేశాను. వెనక గది నాకిచ్చారు. వదిన మంచిదే. అయినా వాళ్ళు నలుగురూ కూర్చుని టీవీ చూస్తుంటే, నేను ఆ గదిలో ఏదో ఒక పని కల్పించుకునేదాన్ని. రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి కుదిరాను. ఆ షెడ్డు ఆఫీసులో ఒకమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని పని చేసేది. అద్దాల గది, ఫ్యాను, పొడి చేతులు. నేను ఎక్కువగా చూసింది ఆ పొడి చేతులనే. వయసు ముప్పై దాటాక కంప్యూటర్ల డిగ్రీలో చేరతానని అన్నయ్యతో అంటే, సరదా తీరితే నువ్వే మానేస్తావులే అన్నాడు.

మొదటి రోజు క్లాసులోకి వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాను. మాస్టారు లోపలికి వచ్చి నన్ను చూసి, "మీరు ఎవరి అమ్మగారండీ?" అని అడిగారు. పిల్లలు నవ్వారు. నేనే చదువుకోవడానికి వచ్చానని లేచి చెప్పాను. ఆయన నవ్వలేదు, క్షమించమనీ అనలేదు. "అయితే ముందు బెంచీకి రా అమ్మా. అక్కణ్ణుంచి బోర్డు సరిగా కనపడదు," అన్నారు.

ముందు బెంచీలో నా పక్కన ఇద్దరు ఆడపిల్లలు ఉండేవారు. నిమ్మచెక్కతో ఎంత తోమినా రొయ్యల వాసన చేతుల్ని వదిలేది కాదు. వారం తిరక్కుండానే వాళ్ళు వెనక బెంచీకి జరిగారు. ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదేమో. ఆ పూటే మాస్టారు బోర్డు మీద 'ఎక్స్' అని రాశారు. అదెంతో తెలియకుండా దాన్ని ఎలా కూడతామండీ అని అడిగాను. నిజంగానే అర్థం కాక అడిగిన మాట అది. ఆయన చాక్‌పీసు పట్టుకుని కాసేపు ఆలోచించారు.

"తెలియనివాళ్ళయినా పక్కన కూర్చోనిస్తాం కదమ్మా. దీన్నీ కూర్చోనియ్యి. ఎవరో, ఏమిటో చివర్లో అదే చెబుతుంది."

ఆయన ఎక్స్ గురించే అన్నారో, ఖాళీగా ఉన్న బెంచీని చూసి అన్నారో నాకు ఈనాటికీ తెలియదు. నేను అడగలేదు. ఆ రోజు నుంచి లెక్క దిద్దడానికి నా బెంచీ దగ్గరికి వచ్చినప్పుడు, పక్కనున్న ఖాళీలో కూర్చుని దిద్దేవారు. ఒకసారి అలా దిద్దుతూ, షెడ్డులో పనా అని అడిగారు. అవునన్నాను. తన భార్య రొయ్యలు బాగా వండేదనీ, ఆవిడ పోయాక మళ్ళీ తినలేదనీ చెప్పి, తర్వాతి లెక్క చెయ్యమన్నారు.

నాకు మైనస్‌తో పడేది కాదు. బ్రాకెట్ ముందు మైనస్ కనబడితే చాలు, చెయ్యి ఆగిపోయేది. మొదటి పరీక్షలో ఘోరంగా తప్పాను. మాస్టారు తిట్టలేదు. "బ్రాకెట్ తీసేటప్పుడు లోపలున్న అందరినీ పలకరించాలమ్మా. నువ్వు మొదటివాణ్ణి పలకరించి వెళ్ళిపోతున్నావు. మిగతావాళ్ళు అలుగుతున్నారు," అన్నారు. ఇప్పటికీ బ్రాకెట్ తీసేటప్పుడు నా పెదవులు కదులుతాయి.

ఆ ఏడాది మధ్యలో గ్రూపు మార్చుకోవచ్చని కాలేజీలో చెప్పారు. ఆల్జీబ్రా అక్కర్లేని గ్రూపులకి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఒకరోజు పొద్దున్న నేను వెళ్ళేసరికి గదిలో ఎవరూ లేరు. మాస్టారు వచ్చి బెంచీలన్నీ ఒకసారి చూసి, నన్ను చూసి, బోర్డు తుడిచి, "మొదలెడదామా?" అన్నారు. నిండా పిల్లలున్నప్పుడు ఎంత గట్టిగా చెప్పేవారో అంతే గట్టిగా చెప్పారు. ఒక్కళ్ళ కోసం క్లాసు నడపక్కర్లేదని ఆఫీసులో అన్నారట. ఆ ఒక్కళ్ళూ పరీక్ష రాయాలి కదా అని ఆయన రావడం మానలేదట. ఇది నాకు అటెండరు చాలా రోజుల తర్వాత చెప్పాడు.

ఒక గది, ఒక మగమనిషి, భర్త పోయిన ఒక ఆడది. ఊరికి ఇంతకంటే ఏం కావాలి? కుళాయి దగ్గర పుట్టిన మాట తిరిగి తిరిగి రొయ్యల చెరువు గట్టు మీదున్న అన్నయ్యకి చేరింది. అన్నయ్య ఆ రోజు పెందరాళే ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, నా వంక చూడకుండా, రేపట్నించి కాలేజీ వద్దన్నాడు. మాస్టారికి చెప్పి రావాలని మాత్రం మర్నాడు వెళ్ళాను. రేపట్నించి రానండి అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. రేపు ఒక్కరోజు రా అన్నారు, అంతే.

ఆ మర్నాడు వెళ్ళేసరికి మాస్టారూ అటెండరూ చెరోవైపు పట్టుకుని బోర్డుని వరండాలోకి తెస్తున్నారు. గేటుకి ఎదురుగా గోడకి ఆనించారు. దారిన పోయే సైకిలు కూడా చూడగలిగే చోటు. ఒక బెంచీ వేయించి, "ఇక్కడ గాలి బావుంటుంది," అన్నారు. ఆ సాయంత్రమే సైకిలు మీద మెట్టకూరు వచ్చారు. అన్నయ్య లేచి నిలబడి కుర్చీ వేశాడు. నేను గుమ్మం వెనక నుంచి విన్నాను.

"మేష్టారూ, మీరు పెద్దోరు. మిమ్మల్ని అనేదేం లేదండి. ఊరి నోరు ముయ్యలేంగదండి," అన్నాడు అన్నయ్య.

"ముయ్యక్కర్లేదండి. రేపు మీరే వచ్చి క్లాసులో కూర్చోండి. చూసింది చూసినట్టు ఊరికి చెప్పండి."

అన్నయ్య నిజంగానే వచ్చాడు. పెళ్ళికి వెళ్ళేవాడిలా తెల్ల చొక్కా వేసుకుని వరండా మెట్టు మీద కూర్చున్నాడు. అన్నయ్య చెరువు కౌలుకి తీసుకుని రొయ్యలు వేస్తాడని మాస్టారికి తెలుసు. బోర్డు మీద ఒక చెరువు గీశారు. ఇందులో నీళ్ళ ఉప్పదనం సగానికి తగ్గాలంటే ఎన్ని మంచినీళ్ళు పెట్టాలని అడిగారు. నేను ఎక్స్ అనుకునే లోపే అన్నయ్య, ఉన్నదాంట్లో సగం అన్నాడు. మాస్టారు కాదన్నారు. ఎందుక్కాదని అన్నయ్య లేచి బోర్డు దగ్గరికి వచ్చాడు. మాస్టారు తీరిగ్గా రాసి చూపించారు. ఉన్నన్ని నీళ్ళూ మళ్ళీ పెట్టాలి, అప్పటికి గానీ ఉప్పు సగం కాదు. అన్నయ్య ఆ రాతనే చాలాసేపు చూశాడు. తర్వాత క్లాసంతా, ఎవరికోసం వచ్చాడో మర్చిపోయినవాడిలా విన్నాడు. వెళ్ళబోతూ, "రేపట్నించి నేన్రానండి. అది వత్తాది," అన్నాడు.

అలా ఆ సంవత్సరంలో మిగిలిందంతా వరండాలోనే సాగింది. వాన జల్లు కొట్టినప్పుడు బోర్డుని లోపలికి జరుపుకునేవాళ్ళం. ఉప్పుగాలికి చాక్‌పీసు మెత్తబడి రాసేది కాదు. ఆయన ఫ్లాస్కులో అల్లం టీ తెచ్చుకునేవారు. మూతలో నాకు పోసి, తను గాజు గ్లాసులో తాగేవారు. గేటు ముందు నుంచి పోయేవాళ్ళు మొదట్లో ఆగి చూసేవారు. పోనుపోను చూడ్డం మానేశారు. ఏ లెక్క పూర్తిచేసినా ఆయన అడిగే ప్రశ్న ఒకటే: "సరిచూసుకున్నావా?" వచ్చిన జవాబుని మొదటి వరసలో పెట్టి చూసుకోకుండా పెన్ను మూయకూడదు. పరీక్ష పాసయ్యానని పరుగున వెళ్ళి చెప్పినప్పుడు కూడా ఆయన అన్నది అదే. నా నంబరేనని రెండోసారి చూసుకుని వచ్చి చెబితే, అప్పుడు నవ్వారు.

డిగ్రీ అయ్యాక రొయ్యల మేత అమ్మే ఒక ఆఫీసులో కంప్యూటరు ఉద్యోగం వచ్చింది. మాస్టారు మోకాళ్ళు సహకరించక కాలేజీ మానేశారు. ఆదివారాలు నేను ఏదో ఒక కూర పట్టుకుని ఫరంపేట వెళ్ళేదాన్ని. మేడ మీద ఒకే గది, బయట కాస్త జాగా. ఒకసారి ధైర్యం చేసి సొరకాయ రొయ్యలు వండి తీసుకెళ్ళాను. ఆయన మూత తీసి చూశారు. నెమ్మదిగా అన్నం కలుపుకుని అంతా తిన్నారు. "ఉప్పు ఒక్క పిసరు తక్కువ," అన్నారు. చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి, చాలాసేపటి వరకూ కుళాయి కట్టెయ్యలేదు. తర్వాతి ఆదివారం నేను ఏం తేవాలో అడగలేదు, ఆయనా చెప్పలేదు. సొరకాయ రొయ్యలే తీసుకెళ్ళాను.

మేమిద్దరం ఎక్కువగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆయనకి చెప్పుకునే కబుర్లు లేవు, నాకూ లేవు. ఏం మాట్లాడాలో తోచనప్పుడు ఆయన ఒక లెక్క ఇచ్చేవారు. నేను చేసేదాన్ని. ఆయన గోదారి వైపు చూస్తూ కూర్చునేవారు. అదే మా కబుర్లు. ఒక్కసారి మాత్రం, నేను లేవబోతుంటే అన్నారు: "వారమంతా నా గొంతు నాకు వినపడదమ్మా. ఆదివారం నువ్వొచ్చాక నీకు లెక్క చెబుతుంటే, అమ్మయ్య, ఉంది అనుకుంటాను."

నేను చెప్పులు వేసుకుంటూ తల ఊపాను. నా గొంతు సంగతీ అంతేనని చెప్పాలనుకున్నాను. ఇంట్లో వదినకి జవాబులు చెబుతాను, ఆఫీసులో ఫోన్లకి జవాబులు చెబుతాను. ఎవరైనా నన్ను ప్రశ్న అడిగి, నేను ఆలోచించి చెప్పేదాకా ఆగేది ఆ మేడ మీదే. ఆ మాట ఆయనతో అన్నట్టు గుర్తులేదు. తెలిసే ఉంటుంది.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నానికి పల్లె నుంచి ఒక తమ్ముడి కొడుకు వచ్చాడు. మోయడానికి మనుషులు చాలకపోతే అన్నయ్య చెరువు దగ్గర నుంచి ఇద్దరిని తీసుకొచ్చి, ముందువైపు తనే భుజం పట్టాడు. పాత క్లాసు పిల్లల వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టాను. దండం బొమ్మలు చాలా వచ్చాయి. ఎవరు పోయారని ఒకతను అడిగాడు. ఇంటావిడ చర్చిలో ఆయన పేరున కొవ్వొత్తి వెలిగించానని చెప్పింది. మాస్టారి వాళ్ళలో అలాంటివి ఉండవని తెలుసుననీ, అయినా ఊరుకోలేకపోయాననీ అంది. నేను గోదారి గట్టు మీద దూరంగా నిలబడి, పొగ పలచబడేదాకా ఉండి వచ్చేశాను.

తర్వాతి ఆదివారం సాయంత్రం, వండి పట్టుకెళ్ళడానికి ఎవరూ లేక, ఊరికే నడుస్తూ ఫరంపేట వైపు వెళ్ళాను. ఇంటావిడ వీధి మెట్లు కడుగుతోంది. నన్ను చూసి, బకెట్ పక్కకి జరిపి దారిచ్చింది.

"చూసుకుని ఎక్కమ్మా. మెట్లు తడిగా ఉన్నాయి," అంది.

అన్నాక, పైన ఎవరూ లేరని అప్పుడే గుర్తొచ్చినట్టు, చీపురు అలాగే పట్టుకుని ఆగిపోయింది. నేనూ ఆగాను. ఆవిడ అన్నదాన్ని వెనక్కి తీసుకోలేదు. నేను గోడ పట్టుకుని, చూసుకుంటూ, మెట్లెక్కాను. పైన తలుపుకి తాళం వేసి ఉంది. ఆఖరి మెట్టు మీద కూర్చున్నాను. రెండు మేడల సందులోంచి గోదారి సన్నగా, ఒక చారలా కనబడుతోంది. సముద్రం పోటెత్తి గోదారిని వెనక్కి నెట్టే వేళ. నీళ్ళు వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి నడుస్తున్నాయి. కింద చీపురు చప్పుడు మళ్ళీ మొదలైంది.