సున్నం పూసిన రాయి

ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకు కూడా. రాయిని కదిలించిన రోజున పోలమ్మ నన్ను ఆగమంది. ఆ సంగతి నా డైరీలో ఉంది. ఆఫీసుకిచ్చిన కాగితంలో లేదు.

మూడేళ్ల కిందట, శ్రీకాకుళం జిల్లాలో పాత శాసనాలను, శిలలను నమోదు చేసే సర్వేలో కాంట్రాక్టు మీద చేరాను. నరసన్నపేట నుంచి బస్సు, ఆపైన పడవ. ఏటికీ సముద్రానికీ మధ్య ఉన్న చిన్న లంక అది. ఊరంతా చేపల వేట మీద బతికేవాళ్లే. ఏరు సముద్రంలో కలిసేచోట, గట్టు అంచున నిలువెత్తు రాయి. పైన సూర్యచంద్రులు, కింద అరిగిపోయిన అక్షరాలు, ఒళ్లంతా సున్నం.

సున్నం ముంతతో ఒక ముసలామె అక్కడే ఉంది. ఆమే పోలమ్మ.

"ఎన్నాళ్లకోసారి పూస్తారమ్మా?" అని అడిగాను.

"ఎలిసిపోతే పూస్తాం. తెల్లగుండాల గదేటి మరి!"

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. "ఒలే, ఈ పాప ఎప్పుడూ సున్నం సూన్నేదేటే!" అంది ఒకామె. నా మొహం వేడెక్కింది. ఎందుకు తెల్లగా ఉండాలి అని ఇక అడగలేదు. సర్వే ఫారంలో 'ప్రస్తుత ఉపయోగం' అని ఒక గడి ఉంటుంది. అందులో 'పూజ' అని రాశాను. గట్టు కోసుకుపోతోంది కాబట్టి రిలొకేషన్, అంటే రాయిని భద్రమైన చోటికి జరపడం, అవసరమని కూడా రాశాను.

చలికాలంలో పని మొదలైంది. మగవాళ్లలో చాలామంది వేటకు గుజరాత్ వెళ్లారు. రాయి కింద గడ్డపారలు పడుతుంటే పోలమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మగోలు ఒచ్చీదాకా ఆగండమ్మా. ఆల్లనడిగి కదపండి."

పని చేయిస్తున్న మా సర్వే ఆఫీసరు సారు పది అడుగుల దూరంలోనే ఉన్నారు. ఆయనతో మాట్లాడాలంటే నాకు ముందురోజు నుంచే మాటలు కూడబలుక్కోవాలి. "భద్రంగానే ఉంటుందమ్మా" అన్నాను పోలమ్మతో. రాయిని ఇరవై అడుగుల అవతల పెడెస్టల్ మీద, అంటే సిమెంటు దిమ్మె మీద నిలబెట్టారు. దిమ్మెకు కూడా తెల్లరంగు వేశారు. పక్కన బోర్డు పెట్టారు.

రెండు నెలలకు ఆఫీసుకు కబురొచ్చింది, రాయికి ఎవరో తారు పూశారని. ఎవరో కనుక్కుని రిపోర్టు ఇమ్మని నన్ను పంపారు.

రాయి, దిమ్మె నల్లగా ఉన్నాయి. దిమ్మె పక్కన పోలమ్మ కూర్చుని ఉంది.

"ఎవరు పూశారమ్మా?"

"నానే. మా ఎర్రయ్య తెప్పకేసీ తారు."

ఎర్రయ్య ఆమె కొడుకు. ఆపైన జరిగిందంతా చెప్పుకుపోయింది.

"రాయీ, ఎనకున్న కొండ కొమ్మూ ఒక్క గీతలో కనపడితే అదే లోతు దారి. గీత తప్పితే ఇసక మేట. మా మావ, ఆడి బాబు, అందరూ అలగే ఒచ్చీవోరు. నా కొడుకు గుజరాత్ నుండొచ్చి అత్తోరూర్ల దిగినాడు. బావమరిది తెప్పేసుకుని సముద్రమ్మీంచే ఇంటికొచ్చినాడు. రాయి జరిపినారని ఆడికెవులు సెప్పినారు? రాయి ఊసు ఫోన్లో ఎవులు సెప్తారు?"

పొద్దున్నే మంచు విడుతుండగా తెల్లరాయి కనబడగానే, ఇల్లొచ్చేసింది బావా అని ఎర్రయ్య నవ్వాడట. తెప్ప మేట మీదికెక్కి, వెనకనుంచి వచ్చిన కెరటానికి తిరగబడింది. బావమరిది ఈది బయటపడ్డాడు. ఎర్రయ్య మూడోరోజున దొరికాడు.

రాయిని పాతచోట పెట్టనివ్వమని మగవాళ్లు మండలాఫీసుకు వెళ్లి అడిగితే, రిజిస్టరులోకెక్కిన రాయిని ముట్టుకుంటే కేసు అన్నారట. అందుకని అది సముద్రం మీదికి కనబడకుండా పోలమ్మ తారు పూసింది. పాత గీతలో, గట్టుకు కాస్త వెనగ్గా, ఒక వెదురు గెడకు తెల్లగుడ్డ కట్టి పాతారు.

రాయి నిలిచిన పాత గొయ్యి అప్పటికే సగం ఏట్లో కలిసిపోయింది. నేను రాసింది అబద్ధం కాదు. కదపకపోతే అది ఏట్లో పడిపోయేదే. కానీ పడిపోయిన రాయిని నమ్మి ఎవరూ పడవ నడపరు.

ఆ రిపోర్టులో రాయి పడవలకు దారి గుర్తని, నా మొదటి ఫారం తప్పని రాశాను. ఎర్రయ్య పేరు రాశాను. పోలమ్మ ఆగమన్న సంగతి రాయలేదు. రాస్తే సారు ఎదుట నిలబడి నోటితో చెప్పాల్సి వచ్చేది. పోలమ్మ మీద కేసు పెట్టలేదు. రాయి ఇంకా నల్లగానే ఉంది. ఇప్పుడు ఏ రాయి దగ్గరికి వెళ్లినా, దాని వయసుకన్నా ముందు అది ఎవరికి ఏం పని చేస్తోందో అడుగుతున్నాను. ఎవరు నవ్వినా అడుగుతున్నాను.

ఆరోజు ఆమె 'నానే' అనగానే, పేరు రాసుకోవడానికి పెన్ను తీశాను. పోలమ్మ నా ఫారం వైపు చూసింది.

"నా పేరు రాసుకుంతావు, రాసుకో. గానీ ఈపాలైనా ఎందుకు పూసినానో అడిగి రాసుకో, పాపా."