మచ్చలేని కాగితం

జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్‌లో లాక్‌డౌన్ నాళ్లలో మా తెలుగు చర్చివాళ్లం వృద్ధుల ఇళ్లకు సరుకులు చేరవేసేవాళ్లం. వ్యాను నడిపే గుంటూరు అన్న ప్రతి గుమ్మం ముందూ రెండడుగులు వెనక్కి వేసి, వచ్చీరాని జర్మన్‌లో, "కొట్లాట కేసులో శిక్ష పడ్డవాణ్ణండి, ఇష్టమైతేనే తలుపు తీయండి" అనేవాడు. అందరూ తీసేవారు. కేకు ముక్క కూడా అందించేవారు. నన్ను మాత్రం సంచి మెట్ల మీద పెట్టి వెళ్లమనేవారు. నా పోలీసు సర్టిఫికెట్‌లో మచ్చ లేదు, నాకు మెచ్చుకోలూ లేదు.

ఖాయమైన బడి వంటగది ఉద్యోగం, సర్టిఫికెట్‌లో ఆ పాత కేసు కనబడి, అన్నకు చేజారింది. ఇలాంటి శిక్షలను త్వరగా చెరిపేసేలా చట్టం మార్చమని పార్లమెంటుకు అర్జీ రాసి తెచ్చాడు.

"మొదటి సంతకం నువ్వెట్టు తమ్ముడూ. నీ రికార్డు క్లీన్ గదా!"

ఆయనకు లేనిది, నాకున్నది ఆ ఖాళీ కాగితమొక్కటే. చట్టం మారితే అదీ ఆయనకు వచ్చేస్తుంది.

"చదివి పెడతానన్నా," అన్నాను. మరుసటి వారమూ అదే అన్నాను.

ఆయన నా గుమ్మం ముందు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇష్టమైతేనేలే తమ్ముడూ."

అర్జీ నా సంతకం లేకుండానే వెళ్లింది. మొన్న కొత్త సర్టిఫికెట్ తీసుకున్నాను. నేను సంతకం పెట్టని సంగతి అందులో ఎక్కడా లేదు.