ఐదో కాలు

మనుషులు కుర్చీల్లోంచి లేచి టీ కోసం నడవడాన్ని 'వలస' అని తొలిసారి గుర్తించిన ఘనత చరిత్రలో ఒకే ఒక్కరిది. ఆయన ఒక కార్టూన్ల స్టూడియోలో డబ్బింగ్ చెబుతాడు. అసలు పేరు ఎప్పుడో మరుగున పడిపోయింది. అందరికీ అడవి బాబాయ్.

కళ్లెదుట ఏ ప్రాణి కదిలినా దానికి గంభీరంగా వ్యాఖ్యానం చెప్పడం ఆయన అలవాటు. గుమాస్తా టిఫిన్ డబ్బా తెరిస్తే, "వేట దొరికింది. ఇక మంద కంటపడకుండా తినాలి" అనేవాడు. డైరెక్టరు ఎవరినైనా కేకలేస్తుంటే, మందనాయకుడి గర్జనకు కారణం అరగని భోజనమని తేల్చేవాడు. ఒకసారి ఇంట్లో "ఆడజీవి పొయ్యిని సమీపిస్తోంది" అని మొదలుపెట్టాడట. ఆడజీవి ఆ పూట సమీపించడం మానేసింది.

అలాంటి గొంతుకు తగిన సినిమా చివరికి దొరికింది. అడవి జంతువుల డాక్యుమెంటరీలను వెక్కిరించే నాలుగు నిమిషాల కార్టూన్. అడవి ఒక సోఫా కింద, మృగరాజు ఒక బల్లి. బల్లిని గీసింది కొత్తగా చేరిన అమ్మాయి. సినిమా నచ్చితేనే ఆమె ఉద్యోగం ఖాయం. గొంతు ఇంకా రికార్డు కాలేదు కనుక, నిర్మాత చూసే రోజు బాబాయ్ తెర పక్కన నిలబడి చదవాలి. కాగితంలో లేని ముక్క ఒక్కటి దొర్లినా వేరే గొంతు చూసుకుంటానని డైరెక్టరు ముందే చెప్పేశాడు.

వేట ఘట్టం వచ్చేసరికి అమ్మాయికి తన పొరపాటు కనిపించింది. వెనక కాలు కుదరలేదని కొత్తది గీసింది గానీ, కింది పొరలో ఉన్న పాత కాలు తీసేయడం మరిచింది. తెర మీద బల్లి ఐదు కాళ్లతో ఠీవిగా నడుస్తోంది. డైరెక్టరు పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాడు.

బాబాయ్ కాగితాన్ని కళ్లకు మరింత దగ్గరగా పెట్టుకున్నాడు.

"గమనించండి. వేట వేళ ఈ జాతికి ఐదో కాలు బయటికొస్తుంది. నాలుగు కాళ్లూ పారిపోవడానికి. ఐదోది, పారిపోదామా వద్దా అని ఆలోచించుకోవడానికి."

నిర్మాత కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. ఏది తీసినా ఆ కాలు మాత్రం తీయొద్దంది. డైరెక్టరు లెక్క నాలుగు దగ్గరే ఆగిపోయింది.

అమ్మాయికి అప్పుడు తట్టింది: ఎవరో ఒకరు చీవాట్లు తినబోయినప్పుడల్లా బాబాయ్ గొంతు లేస్తుంది, గది నవ్వుతుంది, చీవాట్లు దారి తప్పుతాయి. గది ఖాళీ అయ్యాక ఆయన దగ్గరికెళ్లింది.

"నాకోసం మీ ఉద్యోగం మీదకి తెచ్చుకున్నారు బాబాయ్. కాగితంలో లేనిది చదివారు."

"మెల్లగా అను తల్లీ," అని ఆయన అటూ ఇటూ చూసి, కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

అందులో ఉల్లిపాయలు, బట్టల సబ్బు, రెండు బల్బులు అని రాసి ఉంది. స్క్రిప్టు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు.