సిపియో ముఖం గీసినవాడు

చచ్చినవాళ్లను గీయడంలో సునగను మించినవాడు లేడని మా బొమ్మల గదిలో పేరు. ఈటెలు దిగిన గుర్రాలు, బురదలో బోర్లా పడ్డ సైనికులు, వాళ్ల మీద వాలిన కాకులు, అన్నీ అతని చేతివే. సొంత బొమ్మల కథ గీయాలని నీగతా నుంచి టోక్యో వచ్చాడు. పత్రికలవాళ్లు తిప్పి పంపగా పంపగా కురమిత్సు గురువుగారి దగ్గర సహాయకుడిగా కుదురుకుని, అక్కడే జుట్టు నెరిపించుకున్నాడు. బొమ్మల్లో నీడ కనబడేలా చుక్కల కాగితాలు కత్తిరించి అంటించే నాది అతని పక్క బల్ల. గట్టిగా ఒక్క మాట అనలేని మనుషులంటే నాకు ఒళ్లు మంట. సునగ మీద మాత్రం ఆ మంట ఎంతోసేపు నిలిచేది కాదు.

ముఖ్యమైనవాళ్ల ముఖాలు గురువుగారే గీయాలి, మిగతా లోకమంతా మేం గీయాలి. అదీ పద్ధతి. వారపత్రికలో మా కథ రోము మీదికి దండెత్తిన హన్నిబాల్‌ది, అతన్ని ఓడించబోయే రోమన్ సేనాని సిపియోది. చరిత్ర పుస్తకంలో ఇద్దరూ ఒక్క పేరాలో సర్దుకుంటారు. బొమ్మల కథలో అలా కుదరదు. మా పత్రికలు కుడి నుంచి ఎడమకు చదువుతారు కాబట్టి ముందు కుడి పేజీలో హన్నిబాల్ కనబడాలి: ఒంటికన్ను, గాయాలు, గాలికి రేగిన జుట్టు. చూపు ఎడమ పేజీకి మళ్లగానే సిపియో: నున్నటి గడ్డం, చలనం లేని కళ్లు. నడుమ ఎన్ని సముద్రాలున్నా వారం వారం వాళ్లు ఒకరినొకరు చూసుకుంటూనే ఉండాలి.

ఆ ఏడాది వానలతో పాటే గురువుగారి కుడిచేతికి వణుకు వచ్చింది. హన్నిబాల్ గాయాల ముఖానికి ఆ వణుకు నప్పింది. సిపియోకి నప్పలేదు. ఒకరోజు ముఖం ఖాళీగా ఉన్న కాగితాన్ని ఆయన సునగ బల్ల మీద పెట్టారు.

"ఇక నుంచి వీడు నీవాడు. ఈ సంగతి గది దాటకూడదు."

కొన్ని వారాలకు పత్రిక ఎడిటరు మిజోబె పాఠకులు నచ్చిన పాత్రకు ఓటేసి పంపే కార్డుల కట్టతో వచ్చాడు.

"గురువుగారూ, మీ సిపియో హీరోని దాటేశాడండీ. ఇంక సాగదీయొద్దు, చివరి యుద్ధం పెట్టేద్దాం."

"పెట్టేద్దాం. హన్నిబాల్ ఓడిన వారమే నేనూ కలం కింద పెట్టేస్తాను."

మిజోబె వేళాకోళం అనుకుని నవ్వాడు. మేం నవ్వలేదు. భార్య పోయాక ఆయన్ని నిలబెట్టింది ఆ కలం ఒక్కటే. డాక్టరు రాసిన మందులు కూడా యుద్ధం అయ్యాక చూద్దామని పక్కన పెట్టారు. కలం వదిలితే మనిషి దక్కడని మాకు భయం పట్టుకుంది.

తర్వాతి వారం సిపియో పెదవి ఒక పక్కకు వంకర తిరిగింది. కళ్లు దగ్గరకు జరిగాయి.

"ఏంటయ్యా ఇది? వీణ్ని చూస్తే చెంప పగలగొట్టాలనిపిస్తోంది," అన్నాను.

"అనిపించాలి. జనం వీణ్ని అసహ్యించుకుంటే మిజోబె గారు యుద్ధం వాయిదా వేస్తారు."

"ఎప్పుడో జరిగిపోయిన యుద్ధాన్నా?"

"మన దగ్గర ఇంకా జరగలేదుగా."

ఆ మాట నాకు నచ్చింది. సిపియో కళ్ల కింద రెండు నీడలు ఎక్కువే అంటించాను. అనుకున్నట్టే సిపియోకి ఓట్లు పడిపోయాయి, యుద్ధం వెనక్కి జరిగింది. వాన మాత్రం ఆగలేదు. గదిలో కాగితాలన్నీ మెత్తబడ్డాయి. గురువుగారు హన్నిబాల్‌ని గీయడం, చించడం, మళ్లీ గీయడం. ఆ ఒంటికన్నులో ఏమీ మిగల్లేదు.

చివరికి ఆయన రెండు పేజీలూ తెచ్చి సునగ ముందు పరిచారు.

"సునగా, నావాడు ఓడిపోవాల్సింది ఈ వెధవ చేతిలోనా?"

సునగ తల వంచుకున్నాడు.

"ఏనుగుల్ని మంచుకొండలు దాటించి తెచ్చింది వీడి కోసమా? నన్ను బతికించడానికి నావాడి పరువు తీస్తావా?"

"మీరు కలం పెట్టేస్తానన్నారు కదండీ..."

"అంటాను. అది నా ఇష్టం. నువ్వు సరిగ్గా గియ్యి."

సునగ సరిగ్గా గీశాడు. అంత అందమైన సిపియోని అంతకుముందు అతనూ గీయలేదు. యుద్ధం జరిగింది. ఆఖరి పేజీలో ఓడిన హన్నిబాల్ ముఖం ఒక్కటే మిగిలింది. గురువుగారు కలం సిరాలో ముంచారు. కాగితం మీదికి వచ్చిన చెయ్యి ఆగనంటోంది. చాలాసేపు చూసి, కాగితాన్ని సునగ వైపు తోశారు.

"నావల్ల కాదండీ. ఆ ముఖం ఎలా ఉంటుందో నాకు తెలీదు."

ఆయన లేచి, కుర్చీ కిటికీ దగ్గరకు లాక్కుని, సునగకు ఎదురుగా కూర్చున్నారు. ఒక కంటిని అరచేత్తో మూసుకున్నారు.

"చూసి గియ్యి. తల దించకు."

సునగ చూశాడు, గీశాడు. నేను చూడలేక గోడ వైపు తిరిగాను.

ఆ వానలు వెలిసి ఎండలు మొదలయ్యేసరికి గురువుగారు పోయారు. అగరొత్తుల పొగలో మిజోబె ఆ ఆఖరి పేజీ అచ్చయిన పత్రిక పట్టుకుని మా పక్కన నిలబడ్డాడు. కళ్లు వాచి ఉన్నాయి.

"ఆయన చేతి ఆఖరి ముఖం. గీత చూశారా, ఎంత నిబ్బరంగా ఉందో."

"అవునండీ," అన్నాడు సునగ. "చివరిదాకా చెయ్యి వణకలేదు."