తూటాలకు చుక్కల లెక్క

యాభై రెండేళ్ళు వచ్చేదాకా నాకు రాయడం రాలేదు. బడి దూరమూ కాదు, ఇంట్లో ఎవరూ వద్దనలేదు. మురుంగపాక్కంలో మా ఇంటికి రెండు వీధుల అవతలే బడి. మా ఇంట్లో మాట తెలుగు, బళ్ళో చదువు తమిళం. మొదటి రోజు టీచరు ఏదో అడిగితే మా ఇంటి మాటల్లో జవాబు చెప్పాను. పిల్లలందరూ నవ్వారు. రెండో రోజూ నవ్వారు. మూడో రోజు నాట్లు పడుతున్నాయని మా నాయన పొలానికి రమ్మన్నాడు. అంత సంతోషంగా నేనెప్పుడూ పొలానికి పోలేదు. నాట్లు అయిపోయాక బడి సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

చదువు రాదన్న సంగతి బయటపడకుండా చూసుకోవడంలో మాత్రం బాగా ఆరితేరాను. ఆసుపత్రిలోనో బ్యాంకులోనో ఎవరైనా కాగితం చేతికిస్తే, కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చాను, కాస్త చదివి చెప్పండి అనేదాన్ని. నిజానికి నాకు కళ్ళద్దాలే లేవు. ఎదురింటి అరుగు మీద కూర్చున్న పిల్ల తలలో పేను పాకితే మా అరుగు మీద నుంచి చెప్పగలను. బస్సులను వాటి నంబరుతో కాకుండా డ్రైవర్ల మీసాలతో గుర్తుపట్టేదాన్ని. ఒక డ్రైవరు మీసం తీసేసిన రోజున మాత్రం ఊరంతా తిరిగి ఇల్లు చేరాను.

సునామీ వచ్చిన మరుసటి ఏడు నేను ఒక బియ్యం అంగట్లో రాళ్ళు ఏరే పనిలో ఉన్నాను. మూలకుళం నుంచి ఒక పెద్దావిడ బియ్యానికి వచ్చేది. మా వాళ్ళే, దూరపు చుట్టరికం కూడా ఉంది. యానాం నుంచి కోడలుగా వచ్చి ఇక్కడ యాభై ఏళ్ళు కాపురం చేసినా ఆ ఊరి మాట పోని మనిషి. తెల్లబియ్యంలో తెల్లరాయిని నేను చిటికెలో పట్టుకోవడం చూసి, మా ఇంట్లో ఒక పనుంది, దానికి మంచి కళ్ళు కావాలి, వస్తావా అని అడిగింది. అట్లా ఆవిడ నాకు అత్త అయింది, ఆవిడ భర్త మామ అయ్యాడు.

మామ ఫ్రెంచి పటాలంలో పనిచేసి పింఛను మీద ఉన్న మనిషి. డెబ్బై దాటాడు. ఆయనకు ఒక రైఫిల్, దానికి లైసెన్సు, ఊరి బయట ఒక క్లబ్బులో సభ్యత్వం ఉండేవి. ప్రతి ఆదివారం పొద్దున్నే పోయి దూరంగా నిలబెట్టిన కాగితపు చక్రాల మీద కాల్చి వచ్చేవాడు. పిట్టను కూడా ఎప్పుడూ కొట్టలేదు. అంగట్లో దొరికే తూటాలు ఆయనకు నచ్చవు. లైసెన్సులో అనుమతి తీసుకుని, ఇత్తడి గొట్టాల్లో కొలిచి మందు పోసి, మూతి దగ్గర గుండు కూర్చి, తన తూటాలు తానే తయారు చేసుకునేవాడు. ఆ గది తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. ఆయన పక్కన లేకుండా ఆ పెట్టె ఎవరూ తెరవకూడదు.

కష్టమంతా గుండు కూర్చే దగ్గరే. గొట్టం మూతిలో గుండు నిటారుగా కూర్చోవాలి. వెంట్రుకంత పక్కకు వాలినా తూటా తూలుతూ పోతుందని ఆయన నమ్మకం. ఆ వాలును రనౌట్ అనేవాడు. నాకు తెలిసిన రనౌట్ టీవీలో క్రికెట్‌దే కాబట్టి మొదట్లో తూటాలకూ ఏదో ఆట ఉంది కాబోలు అనుకున్నాను.

ఆ వాలును కొలవడానికి బల్ల మీద ఒక చిన్న పరికరం ఉండేది. రెండు ఆనింపుల మీద తూటాను పడుకోబెట్టాలి. పైనుంచి ఒక గడియారం లాంటిది దాని చిన్న కాలును గుండుకు ఆనించి నిలబడుతుంది. తూటాను వేలితో మెల్లగా ఒక చుట్టు తిప్పితే, గుండు ఎంత వాలి ఉంటే గడియారం ముల్లు అన్ని గీతలు కదులుతుంది. మామకు శుక్లం తీసేశాక దూరపు చక్రం బాగానే కనిపించేది గానీ దగ్గరున్న ఆ సన్న గీతలు భూతద్దం పెట్టినా అలుక్కుపోయేవి. నన్ను పిలిపించింది అందుకే.

మొదటి రోజే మామ చదువుకున్నావా అని అడిగాడు. కళ్ళద్దాలు మరిచిపోయానని చెప్పడానికి లేదు. కళ్ళ కోసమే కదా పనిలో పెట్టుకున్నది. ఐదో క్లాసు దాకా అని చెప్పేశాను.

అయితే ఒక్కో తూటా ఎన్ని గీతలు చూపించిందో ఈ పుస్తకంలో రాయి అన్నాడు. అంకెలు వేయడం నాకు రాదు. చుక్కలు పెట్టడం వచ్చు. పదిహేను చుక్కల ముగ్గును తీగ ఎక్కడా తెగకుండా వేసే చెయ్యి నాది. ఎన్ని గీతలైతే అన్ని చుక్కలు పెట్టాను. మామ అడిగినప్పుడు పుస్తకం తెరిచి, చుక్కలు చూసి, రెండు, నాలుగు, మూడు అని గడగడా చదివేదాన్ని. ఆయనకు పేజీ కనిపించదు, నాకు అంకె తెలియదు. అయినా పని సాగిపోయింది.

లెక్క కూడా ముగ్గు లెక్కే. ముల్లు అన్నిటికంటే కిందికి దిగిన చోట తూటాను ఆపి, గడియారం చుట్టూ ఉన్న పట్టీని గీతలతో సహా తిప్పి, పెద్దగీతను ముల్లు కిందికి తేవాలి. అక్కడి నుంచి మొదలు. ముల్లు నిలబడిన గీత ఒకటి, దాని పక్కది రెండు, ఆ పక్కది మూడు. ముగ్గులో మొదటి చుక్క కూడా చుక్కే కదా.

మూడు దాకా వస్తే మంచి తూటా. నాలుగో అయిదో వస్తే గుండు వాలిన వైపు నేను ఎర్ర పెన్నుతో బొట్టు పెట్టాలి. మామ దాన్ని కన్నమున్న ఒక దిమ్మలో నిలబెట్టి, బొట్టు మీదుగా ఒక చిన్న మీటతో మెత్తగా నెట్టేవాడు. పెళ్ళికూతురి తల సర్దినట్టుండేది. మళ్ళీ కొలిస్తే ఒకటో రెండో తగ్గేది. ఆరు, ఆపైన వచ్చినవి వేరే డబ్బాలోకి పోయేవి.

మొదటి నెల, కొత్త కళ్ళు కాబట్టి ఎక్కువ పట్టుకుంటున్నాయని మామ హుషారుగానే ఉన్నాడు. రెండో నెల నుంచి మామ ముఖం చిన్నబోతూ వచ్చింది. ఇరవై తూటాలు కొలిస్తే ఎనిమిదో తొమ్మిదో బొట్టు పెట్టించుకునేవి. రెండు మూడు ఏకంగా డబ్బాలోకి పోయేవి. ఇదివరకు ఇరవైకి మూడు సరిచేస్తే ఎక్కువట. సరిగా చూసినావా అని అడిగేవాడు. చూశాను మామా అనేదాన్ని. నా కళ్ళు తప్పవని ఆయనకూ తెలుసు, అందుకే తప్పంతా తన చేతుల మీద వేసుకున్నాడు. గుండు కూర్చే మర విప్పి తుడిచాడు, నూనె పెట్టాడు, బల్ల కాళ్ళ కింద చెక్కముక్కలు దోపాడు. ఏం చేసినా నా నోట్లోంచి నాలుగు, అయిదు, నాలుగు.

ఒక ఆదివారం క్లబ్బుకు పోలేదు. తర్వాతి ఆదివారమూ పోలేదు. లైసెన్సు గడువు ఆ నెలాఖరుకు తీరిపోతుంది. ఈసారి తిరగరాయించేది లేదని, చెయ్యి వణికే మనిషి మందుగుండు ముట్టుకోకూడదని, రైఫిల్‌ను క్లబ్బుకే అప్పజెప్పేస్తానని ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర చెప్పాడు. అత్త చారు వడ్డిస్తూ ఆగిపోయింది. ఆయన చేతులు కడుక్కోవడానికి లేచాక నాతో నెమ్మదిగా అంది.

"ఈయన ఆ గది మూసేస్తే నా వంటింట్లోకే వస్తారే. చెంచాలు నిటారుగా ఉన్నాయా లేదా అని కొలుస్తారు. నేను పుట్టింటికి పోదామన్నా అక్కడ ఎవరూ మిగల్లేదు."

నవ్వించడానికే అన్నా ఆవిడ కళ్ళు మామ వెనకాలే పోయాయి. ఆ గదిలో ఉన్నంతసేపూ ఆయన ఈలవేసేవాడు. రెండు వారాలుగా ఇంట్లో ఆ ఈల లేదు.

సామాను సర్దే రోజు వచ్చింది. తయారైన తూటాలన్నీ లెక్కచూసి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. కొలిచే పరికరాన్ని గుడ్డతో తుడుస్తుంటే దాని పెట్టె అడుగున నీలం గుడ్డలో చుట్టిన ఉక్కు కడ్డీ ఒకటి దొరికింది. వేలంత పొడవు, అద్దంలా మెరుస్తోంది. పరికరం సరిగా ఉందో లేదో చూసుకోవడానికి దానితోపాటే వచ్చిందట. ఏ వంకరా లేని కడ్డీ అని చెప్పి, అన్నీ కట్టేసే ముందు ఒకసారి దీన్ని కూడా చూసేయమన్నాడు.

కడ్డీని ఆనింపుల మీద పెట్టాను. పట్టీ తిప్పి పెద్దగీతను ముల్లు కిందికి తెచ్చాను. వేలితో ఒక చుట్టు తిప్పాను.

"ఎంత చూపిస్తా ఉండాది?"

"ఒకటి, మామా."

గుడ్డ మడుస్తున్న ఆయన చెయ్యి ఆగింది.

"మళ్ళీ తిప్పు."

తిప్పాను. "ఒకటే మామా."

"ముల్లు యాడి నుంచి యాడికి పోయింది?"

"యాడికీ పోలేదు. పెట్టిన చోటే ఉండాది."

"పోకుంటే ఒకటి ఎట్లయితాది అమ్మణ్ణీ?"

"నిలబడిన చోటు ఒకటి గదా."

మామ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు పెంచలేదు. "ఆ నిలబడిన చోట ఏం రాసుండాది? చదువు."

పెద్దగీత కింద గుండ్రంగా ఒక గుర్తు ఉంది. మూడు నెలలుగా రోజూ చూస్తున్నాను. అది అక్కడ ఎందుకుందో ఒక్కసారీ అడగలేదు. ముల్లు కదలకుండా ఆ గుండ్రం మీదే నిలబడి ఉంది. అది ఒకటి కాదని, ఏమీ లేదని చెప్పే గుర్తని అప్పుడు అర్థమైంది. నా నాలుగు మూడు, నా అయిదు నాలుగు. బొట్టు పెట్టించుకున్న తూటాల్లో సగానికి పైగా ఏ తప్పూ లేనివి. ఆయన రెండు నెలలుగా తిట్టుకున్న చేతులకు కూడా ఏ తప్పూ లేదు.

నోరు మూసుకుంటే గడిచిపోయేది. పరికరం పాతబడిందని ఆయనే అనుకునేవాడు, రైఫిల్ క్లబ్బు చేతికి పోయేది, నేను బియ్యం అంగడికి పోయేదాన్ని.

"నాకు చదవను రాదు మామా," అన్నాను. "ఐదో క్లాసు అబద్ధం. రెండు దినాలే బడికి పోయినా. మీ చెయ్యి బాగానే ఉండాది. నా లెక్కే తప్పు."

మామ పుస్తకం తీసుకుని కిటికీ దగ్గరికి పోయాడు. భూతద్దం పెట్టి ఒక పేజీ చూశాడు, ఇంకొక పేజీ తిప్పాడు. అన్నీ చుక్కలే. రెండు మూడు చోట్ల, ఆయన మీట నెట్టేదాకా ఊరుకోలేక, చుక్కల చుట్టూ తీగ కూడా తిప్పి ఉన్నాను. ఇంతలో అత్త కాఫీ తెచ్చింది. ఆయన భుజం మీదుగా పుస్తకంలోకి తొంగిచూసింది.

"ఏంటిది, తూటాలకు ముగ్గులు పెట్టారా?"

"దీనికి చదువు రాదంట," అన్నాడు మామ.

"మొదటి వారమే తెలుసు నాకు. ఊరగాయ జాడీల మీద నేను చీటీలు అంటిస్తే, ఇది మూతలు తీసి వాసన చూసి తెచ్చేది."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు కళ్ళు కావాలన్నారు. తెచ్చాను. చదువు కావాలని నాతో ఎప్పుడన్నారు?"

మామ ఆవిడను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ పుస్తకాన్ని చూశాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటికి వచ్చింది. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కాఫీ ఒలుకుతుందని అత్త గ్లాసు వెనక్కి తీసుకుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక ఆ కడ్డీని తిప్పుతూ కూర్చున్నాను. ముల్లు కదల్లేదు.

పెట్టె తాళం మళ్ళీ తీశాడు. పక్కన పడేసిన డబ్బాను నా ముందు బోర్లించి, మొదటి గీతను వదిలేసి లెక్కపెట్టు అన్నాడు. సాయంత్రం దాకా కొలిచాం. ఆరు అని పారేసిన వాటిలో చాలావరకు అయిదే. మీట ఒక్కసారి నెడితే దారికి వచ్చాయి. మంచివని పెట్టెలో పెట్టినవాటిని కొలిస్తే రెండు, ఒకటి, రెండు. మూడుకు సరిపెట్టుకునే మనిషి చేత తెలియకుండానే రెండుకు సరిచేయించాను. ఇంత నిటారు తూటాలు పటాలంలో కూడా చూడలేదని, ఆదివారం అందరికీ చూపిస్తానని మామ అన్నాడు. చెప్పి ఈల వేశాడు. వంటింట్లో అత్త ఏదో గిన్నెను అవసరమున్న దానికంటే గట్టిగా కింద పెట్టింది.

నేను బయలుదేరేటప్పుడు అత్త పాత క్యాలెండరు కాగితం వెనకవైపు పది అంకెలు పెద్దగా రాసి ఇచ్చింది. ఇవి రాగానే అక్షరాలు మొదలుపెడదామంది. తమిళం ఇప్పుడెందుకు, తన దగ్గర తెలుగు వారపత్రికలు అటక నిండా ఉన్నాయంది. ఈ రోజు నేను రాస్తున్న అక్షరాలు ఆ అటక మీద నుంచి దిగినవే.

మరుసటి పొద్దున నేను పోయేసరికి మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, లైసెన్సు కాగితాలున్న ఫైలు చంకలో పెట్టుకుని గేటు దగ్గర ఎదురయ్యాడు. ఆఫీసు తెరవకముందే పోయి వరుసలో నిలబడాలట. తూటాల పెట్టెకు తాళం వేసి ఉంది. బల్ల మీద పరికరం, ఉక్కు కడ్డీ, పుస్తకం మాత్రం ఉన్నాయి. కూర్చుని కడ్డీని ఆనింపుల మీద పెట్టాను. పట్టీ తిప్పి, ఒక చుట్టు తిప్పి చూశాను. ముల్లు ఉన్న చోటే ఉంది. అత్త ఇచ్చిన కాగితాన్ని పక్కన పరుచుకుని, పుస్తకంలో కొత్త పేజీ తీసి, చుక్క పెట్టబోయిన చేతిని ఆపి, నెమ్మదిగా ఒక సున్నా రాశాను. ఒక పక్క కొంచెం సొట్ట పోయింది. దాని కిందే ఇంకొకటి రాశాను.