మొదటి రొట్టె విరగనిచ్చిన మా యారాలు

నా పేరు బాలమణి. వయసు డెబ్బై మూడని కొడుకు అంటాడు, డెబ్బై అయిదు దాటాయని మోకాళ్లు అంటాయి. గోపన్‌పల్లిలో కొడుకు, కోడలు, మనుమరాలితో ఉంటాను. చదువు రాదు. నేను చెబుతుంటే మనుమరాలు పుస్తకాల తెలుగులోకి దిద్ది రాస్తోంది. భాష దిద్దుకోమన్నాను గానీ నా కోపం తగ్గించొద్దన్నాను.

మా యారాలు, అంటే మా మరిది భార్య, పోయిన మంగళవారం పొద్దున దవాఖానలో కన్నుమూసింది. మా అపార్ట్‌మెంటు కింది హాలులో ప్రతి ఆదివారం ఐటీ పిల్లలకు జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, నూనె తక్కువ కూరలు నేర్పిన టీచరమ్మ ఆమే. ఇప్పుడు ఆ తరగతి మూసేద్దామని మీలో కొందరు, సర్టిఫికెట్ ఉన్న మనిషిని బయటినుంచి తెద్దామని కొందరు. మూడో అంతస్తు లక్ష్మీకాంతం గారైతే, "మీకెందుకండీ ఈ వయసులో శ్రమ?" అని నా నోరు మూయబోయారు. ఆమె పదకొండో రోజున అందరూ కూడతారు కనుక నా మాట కూడా చదవండి. ఆ తరగతి నాకు కావాలి.

ఎందుకంటే ఆ రొట్టె నాది. అన్నం తప్ప ఎరగని ఇంటినుంచి ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చింది. జొన్నపిండిలో చన్నీళ్లు పోసి కలిపేది. పీట మీద తట్టగానే రొట్టె నాలుగు చెక్కలయ్యేది. "నీ మొగుడికి ముక్కలు లెక్కపెట్టి పెట్టు" అని నేను నవ్వేదాన్ని. ఆ ముక్కలు మజ్జిగలో నానేసుకుని తానే తినేది. ఎసరు నీళ్లు పోయాలని చెప్పింది నేనే. అరచేతిని ఎంత వంచాలో చూపించింది నేనే. దేవుడి మీద ఒట్టు, ఆమె రొట్టె చివరిదాకా నా రొట్టె అంత పలచగా రాలేదు.

మరిది పోయాక ఆమె మాదాపూర్‌లో ఆడపిల్లల హాస్టల్‌లో వంటకు కుదిరింది. అక్కడ ఒక పిల్లకు ఎప్పుడూ కడుపుమంట. బయటి నూడిల్సు, రాత్రి షిఫ్టులు. మా యారాలు ఆ పిల్లకు రోజూ రెండు రొట్టెలు, ఇంత తోటకూర చేసి పెట్టింది. కొన్నాళ్లకు ఆ పిల్ల, "ఆంటీ, నేను బెంగళూరు పోతున్న. అక్కడ నాకు ఎవరు చేస్తరు? నేర్పియ్యి" అంది. ఆమె నేర్పింది. పక్క గది పిల్ల వచ్చింది, తరువాత దాని స్నేహితులు. యాభై దాటిన మనిషికి అలా దారి దొరికింది. హాస్టల్ పని మానేసి మా కింది హాలులో తరగతి పెట్టింది. కంపెనీలవాళ్లు కారు పంపి పిలిపించుకునేవారు. కారు తలుపు తెరిచి "రండి మేడమ్" అంటుంటే నేను బాల్కనీలోంచి చూసేదాన్ని. నా కడుపులో ఏ కూరా చల్లార్చలేని మంట.

ఆమె పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండేది. మొదటి రోజు పిల్లలందరిచేతా చన్నీళ్లే పోయించేది. అందరి రొట్టెలూ విరగాల్సిందే. తాను చేతులు కొంగులో చుట్టుకుని నిలబడి, "యాడ ఇరిగింది? వేలు పెట్టి చూపియ్" అనేది. ఒకరోజు పట్టలేక అడిగాను.

"పిండి దండగ కాదానే? ఎసరు నీళ్లని ముందే చెప్తే నీ నోరు అరుగుతదా?"

"అక్కా, నీ రొట్టె ఎన్నడు ఇరగలే. గందుకే యాడ ఇరుగుతదో నీకు ఎరుక లేదు."

"అంటే నాకు రాదంటవా?"

"నీకు వస్తది. వేరేటోళ్లకు రాదు."

ఆ మాటకు నెల రోజులు ఆమెతో పలకలేదు. ఈలోగా ఆమెకు జ్వరం వచ్చింది. ఒక ఆదివారం నేనే తరగతి తీసుకుంటానని దిగాను. ఏం చేశానో దాచను. పిల్లల చేతులు పిండిలో తడబడుతుంటే చూడలేకపోయాను. "జరుగు, జరుగు" అని ఒక్కొక్కరి ముద్దా లాక్కుని పన్నెండు రొట్టెలు నేనే తట్టాను. చందమామల్లా వచ్చాయి. పిల్లలు ఫోటోలు తీసుకున్నారు, కడుపునిండా తిన్నారు. పోయేముందు దివ్య అనే పిల్ల, "అమ్మమ్మా, మస్తు తిన్నం గానీ ఏం నేర్వలే" అంది. ఆ సంగతి మా యారాలికి తెలిసింది. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే తిట్టి మరిచిపోయేదాన్ని.

చివరి రోజుల్లో దవాఖానలో కూడా నర్సమ్మకు రాగిజావ ఉండకట్టకుండా కాయడం చెప్పింది. నేను పక్కన కూర్చుని, ఇక్కడా ఈమె టీచరమ్మేనా అని కుళ్లుకున్నాను. "అక్కా, ఆదివారం హాలు తలుపు తీస్తవా?" అంది. తీస్తాననలేదు. తీయననలేదు.

మొన్న ఆదివారం మీ అనుమతి అడగకుండా తలుపు తీశాను. నలుగురు వచ్చారు. చన్నీళ్లు పోయించలేదు, అది ఆమె పద్ధతి, నాది కాదు. ఎసరు పెట్టాను. అయినా ఒక కొత్త పిల్ల రొట్టె అంచుదాకా చీలిపోయింది. నా చెయ్యి ముందుకు వెళ్లింది. వెనక్కి లాక్కున్నాను. ఎందుకు విరిగిందో చెబుదామంటే నాకే తెలియలేదు. దివ్య ఆ పిల్ల పక్కన చేరి, "నీళ్లు సల్లగైనయ్. ఇంకోటి, నువ్వు పిండిని గట్టిగ పిసకలే, భయపడ్డవు" అంది. మాట దివ్యది, గొంతు మా యారాలిది. చచ్చి కూడా నాకంటే ముందే చెప్పేసింది.

ఇద్దరూ ఒకే పీట మీద వంగి మళ్లీ తట్టడం మొదలుపెట్టారు. మెడలోని ఆఫీసు కార్డులు పిండిలో పడకుండా వీపు మీదికి వేసుకున్నారు. నేను, ఎసరు చల్లారిపోకుండా, గిన్నె మీద మూత పట్టుకుని నిలబడ్డాను.

ఇది నేను చెప్పిందే, చదివించుకుని విన్నాను.
బాలమణి, ఎడమ బొటనవేలి ముద్ర.
చూసినవారు: రాసిన మనుమరాలు శ్రావణి, రొట్టె నేర్చిన దివ్య, వద్దన్నా వచ్చి సంతకం చేసిన మూడో అంతస్తు లక్ష్మీకాంతం గారు.